అక్కకు వర్తించని చట్టం

మెరింగా ఊరి బౌలింగ్ క్లబ్బులో వార్విక్‌కు సన్మానం జరిగిన ఆదివారం, బ్రాన్‌విన్, అందరూ పిలిచే బ్రాన్, మూడో బల్ల దగ్గర కూర్చుని చప్పట్లు కొట్టింది. అందరికంటే ముందు మొదలుపెట్టింది, అందరికంటే ముందు ఆపేసింది.

భార్యను కంటికి రెప్పలా చూసుకుంటున్నందుకు ఊరు అతనికి పేరు చెక్కిన చెక్కపలక ఇచ్చింది. వార్విక్ భారీ మనిషి, గొంతు మాత్రం మెత్తన. పక్కనే వీల్‌చైర్‌లో అతని భార్య కొరాలీ, బ్రాన్‌కు సొంత చెల్లెలు. ఒళ్ళో దుప్పటి, భుజం మీద నున్నగా అల్లిన జడ. ఆ జడ అల్లింది కూడా వార్వికే.

"ఆవిడకి ఏం కావాలో ఆవిడ కంటే నాకే ముందు తెలుస్తుంది," అన్నాడతను మైకులో. హాలంతా కరిగిపోయింది.

మందుల షాపు హేజెల్ కళ్ళు ఒత్తుకుంటూ బ్రాన్ వైపు వంగింది. "అదృష్టమంటే మీ చెల్లెలిదే. కాళ్ళు పోతే పోయాయి కానీ, ఇలాంటి మనిషి ఎంతమందికి దొరుకుతాడు చెప్పు?"

"దానికేం, మహారాణి," అంది బ్రాన్. నోట్లో కేకు మట్టిలా ఉంది.

బ్రాన్‌కు యాభై ఆరేళ్ళు. బడి క్యాంటీన్‌లో పని. తొమ్మిదేళ్ళ కిందట ఆమె భర్త రాస్, ఇదే క్లబ్బులో పరిచయమైన ఒకావిడతో వెళ్ళిపోయాడు. ఒక్క మాటైనా చెప్పలేదు. కుక్కను మాత్రం మర్చిపోకుండా తీసుకెళ్ళాడు.

కొరాలీ ఆమెకంటే ఏడేళ్ళు చిన్నది. చిన్నప్పుడు జిల్లా ఈత పోటీల్లో కప్పులన్నీ దానివే. అమ్మ వాటిని వారం వారం తుడిచేది. బ్రాన్ ఇల్లంతా తుడిచినా ఎవరికీ కనపడేది కాదు. ముప్పై నాలుగో ఏట కొరాలీకి నరాల జబ్బని తేలిన రోజు బ్రాన్ గుండెలు పగిలేలా ఏడ్చింది. కానీ ఆ ఏడుపు మధ్యలోనే లోపల ఏదో సన్నగా, ఇప్పటికైనా సమానమయ్యాం, అంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తీరా చూస్తే సమానమూ కాలేదు. వార్విక్ గనిలో ఉద్యోగం మానేసి పెళ్ళాం సేవకు కూర్చున్నాడు. ఊరు ఊరంతా కొరాలీ పేరు తలుచుకుని నిట్టూర్చేది. జబ్బు కూడా దానికే కలిసొచ్చింది అనుకునేది బ్రాన్.

గత రెండేళ్ళుగా చెల్లెలు దూరం జరిగింది కూడాను. ఫోన్ చేస్తే ఎత్తదు. 'ఈ ఆదివారం రావద్దు, పనుంది.' 'నాకు వార్విక్ ఉన్నాడు, నువ్వు శ్రమపడకు.' ఇలాంటి పొడి సందేశాలే వచ్చేవి. వాటిని బ్రాన్ చెరిపేయలేదు. అప్పుడప్పుడు తీసి చదువుకుని మళ్ళీ మండిపోయేది.

ఆగస్టు చలికాలంలో వార్విక్ మోకాలి ఆపరేషన్‌కు సిడ్నీ వెళ్ళాల్సి వచ్చింది. నాలుగు రోజులు. తోడుండమని బ్రాన్‌ను అడిగాడు. "బయటివాళ్ళు కొరాలీకి పడరు," అన్నాడు. వెళుతూ ఫ్రిజ్ మీద రెండు పేజీల కాగితం అంటించాడు. ఏ పూట ఏ మందు, ఏ వైపు పడుకోబెట్టాలి, నాలుగు దాటాక ఏమీ తాగనివ్వకూడదు, వీల్‌చైర్ వాడనక్కర్లేదు, ఎవరైనా వస్తే నిద్రపోతోందని చెప్పాలి. అన్నీ గుండ్రటి అక్షరాలతో.

బ్రాన్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. పందొమ్మిదేళ్ళ కాపురంలో రాస్ తనకోసం రాసింది ఒకే ఒక్క చీటీ, పాలు తెమ్మని. ఒక మనిషి గురించి రెండు పేజీలు రాయగల మగవాడు చెల్లెలికి దొరికాడు.

నాలుగున్నరకు కొరాలీ పిలిచింది. జబ్బు వల్ల ఆమె మాట మెల్లగా, ఒక్కొక్కటిగా వస్తుంది.

"బ్రాన్, కాస్త టీ పెడతావా?"

"నాలుగు దాటింది. వద్దని రాశాడు."

"ఎందుకో రాశాడా?"

"అది రాయలేదు."

"తాగితే బాత్రూముకి తీసుకెళ్ళాలి కదా. అందుకు."

"పాపం, ఆయనా మనిషేగా కోరా. ఆయనకి మాత్రం నిద్ర అక్కర్లేదా?"

కొరాలీ అక్క ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. బయటికి వెళ్ళేటప్పుడు చైర్‌ను నడిపే మీట ఊడదీసి అతను వెంట తీసుకుపోతాడు. కొరాలీ ఎదురు చెప్పిన రోజు మీట అసలే పెట్టడు, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే. ప్రభుత్వ పథకం కింద వచ్చిన సహాయకురాళ్ళను ముగ్గుర్ని పంపేశాడు, కొరాలీయే వద్దందని చెప్పి. "నా సంతకం కూడా వాడే పెట్టాడు. నాకంటే బాగా పెడతాడులే," అంది.

బ్రాన్ విన్నది. వింటుంటే జాలి రావాల్సిన చోట మంట లేచింది.

"జడ అల్లే మొగుడు, తల రుద్దే మొగుడు. అయినా నీకు ఏడుపేనా? నాకు దొరికిందేంటో చూశావుగా! చెయ్యి పట్టుకునే దిక్కులేదు ఇక్కడ. నువ్వేమో టీ ఇవ్వలేదని రాగాలు తీస్తున్నావు!"

తలుపు ధడేలుమని వేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. చలికి గడ్డి తెల్లగా బిగుసుకుపోయి ఉంది. పొయ్యిలోకి కట్టెలు ఏరుతూ ఇంకా గొణుక్కుంటూనే ఉంది. అప్పుడు జేబులో ఫోన్ మోగింది. కొరాలీ నుంచి సందేశం.

'బ్రాన్, నాకు ఒంట్లో నలతగా ఉంది. ఎక్కువ మాట్లాడించకు. వార్విక్ రాసినట్టే చెయ్యి.'

బ్రాన్ కట్టెలు అక్కడే పడేసి లోపలికి పరుగెత్తింది. కొరాలీ కదలకుండా కూర్చుని ఉంది. రెండు చేతులూ దుప్పటి మీద ఖాళీగా ఉన్నాయి.

"నీ ఫోన్ ఏది?"

"సిడ్నీలో," అంది కొరాలీ. "వాడి సంచిలో."

బ్రాన్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. పాత సందేశాలన్నీ తీసింది. ఒక్కొక్కటే పైకి చదివింది.

"'నీ కేకులు ఇక్కడ ఎవరూ తినరు, పంపకు.' ఇది నువ్వేనా?"

"నువ్వు కేకులు పంపావా?"

"ఏడు పంపానే! 'ప్రతిసారీ నీ గోడు వినే ఓపిక నాకు లేదు.' ఇది?"

కొరాలీ తల అడ్డంగా ఊపింది. "నీ గోడు విని రెండేళ్ళయింది. నామీద విసుగొచ్చి మానేశావనుకున్నా."

బ్రాన్ లేచి కుండెడు టీ పెట్టింది. ఇద్దరూ మొత్తం తాగేశారు. నీళ్ళు ఇవ్వకపోవడం కంటే, మీట తీసేయడం కంటే, తన కేకుల గురించి రాసిన ఆ ఒక్క ముక్కకే ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది. అది తప్పని తెలుసు. అయినా వచ్చిన కోపం అదే.

"పోలీసులకి చెప్తాను," అంది కొరాలీ. "నువ్వు కాదు. నేను."

మర్నాడు ఉదయం నెరిడా అనే కానిస్టేబుల్ ఇంటికొచ్చింది. కుర్చీ వద్దని కొరాలీ ఎదురుగా నేల మీద కూర్చుంది. "మీ ఆయన మిమ్మల్ని బయటికి వెళ్ళనిచ్చేవాడా?" అని అడిగింది.

"ఎక్కడ వెళ్ళనిస్తాడు, మీట తీసి..." అని బ్రాన్ అందుకుంది.

"ఆవిడనే చెప్పనివ్వండి. నాకేం తొందర లేదు," అంది నెరిడా.

మూడుసార్లు అలాగే అయింది. నాలుగోసారి బ్రాన్‌ను వంటింట్లో కూర్చోమంది. రెండున్నర గంటలు పట్టింది. ఇందుకో చట్టం వచ్చి ఏడాది దాటిందని, ఒంటి మీద దెబ్బ పడకపోయినా, మొగుడు గానీ ప్రియుడు గానీ, మాజీలు గానీ మనిషిని గుప్పిట్లో పెట్టుకుని బతకనివ్వకపోతే అది నేరమేనని నెరిడా వివరించడం తలుపు చాటు నుంచి వినపడింది. వింటూ బ్రాన్‌కు ఒక పాడు ఆలోచన వచ్చింది. చెప్పకుండా వెళ్ళిపోవడం ఏ చట్టంలోనూ నేరం కాదు. తన కష్టాన్ని ఇలా నేల మీద కూర్చుని రాసుకునేవాళ్ళు ఎవరూ లేరు.

వార్విక్ ఇక కొరాలీ దరిదాపులకు రాకూడదని ఉత్తర్వు వచ్చింది. కేసు మొదలైంది. క్లబ్బువాళ్ళు గోడ మీది అతని సన్మానం ఫోటో తీసేశారు. ఊళ్ళో సగంమంది మాత్రం, "అంత చేసినవాణ్ణి కోర్టుకీడ్చింది" అనుకున్నారు. ఆ ఇల్లు వార్విక్ తల్లిది కాబట్టి కొరాలీ బ్రాన్ ఇంటికి వచ్చేసింది.

బ్రాన్ ముందు గదిని చెల్లెలికిచ్చింది. మెట్ల మీద వాలు బల్ల వేయించింది. క్యాంటీన్ పని సగానికి తగ్గించుకుంది. రొట్టెల దుకాణంలో హేజెల్ ఆమె చెయ్యి పట్టుకుని, "నీలాంటి అక్క ఎవరికుంటుంది బ్రాన్! దేవతవి," అంది. ఆ రోజు బ్రాన్ ఇంటికి అవసరం లేకపోయినా చుట్టూ తిరిగి వెళ్ళింది, ఇంకెవరైనా ఎదురుపడతారేమోనని.

అంతా బాగానే ఉంది, సెలా వచ్చేదాకా.

సెలా టోంగా దీవుల మనిషి. నలభై ఏళ్ళుంటాయి. పథకం కింద వారానికి నాలుగు రోజులు కొరాలీకి సాయం చేయడానికి కుదిరింది. బలమైన చేతులు, ఇల్లు అదిరేలా నవ్వు. కొరాలీని ఏదైనా చేసే ముందు అడుగుతుంది. ఈ చొక్కానా, ఆ చొక్కానా? ముందు జుట్టా, ముఖమా? బ్రాన్‌కు అది చాదస్తంగా తోచేది. తను పది నిమిషాల్లో ముగించే పనికి వాళ్ళిద్దరూ గంట తీసుకునేవారు. తలుపు మూసుకుని మరీ. లోపల్నుంచి నవ్వులు.

"ఏంటి అంత నవ్వు?" అనడిగింది ఓసారి.

"ఏం లేదులే. చెబితే నవ్వు రాదు," అంది కొరాలీ.

ఆ మాట బ్రాన్‌కు నాలుగు రోజులు గుచ్చుకుంది. ఇంకోసారి, "తల సెలా రుద్దితేనే హాయిగా ఉంటుంది బ్రాన్, నువ్వు గిన్నె తోమినట్టు తోముతావు," అంది కొరాలీ. హాస్యానికే అంది. బ్రాన్ నవ్వింది కూడా. వంటింట్లోకి వెళ్ళి నిజంగానే ఒక గిన్నెను మాడు పోయి, కళాయీ పోయేదాకా తోమింది.

మొదటిసారి ఏదో చిన్న విషయమే. సెలా తలుపు తడితే, "ఇప్పుడే కునుకు పట్టింది, రేపు రా" అంది బ్రాన్. కొరాలీ నిజంగానే కళ్ళు మూసుకుని ఉంది. తర్వాత పథకం వాళ్ళు ఫోన్ చేస్తే, "వారానికి నాలుగు రోజులెందుకు, నేనున్నాగా, రెండు చాలు" అని చెప్పింది. కొరాలీ ఫోన్‌ను వంటింట్లో ఛార్జింగ్ పెట్టేది. పడగ్గదిలో ప్లగ్గు సరిగ్గా లేదని. ప్రతిదానికీ ఒక కారణం ఉండేది, కారణాలన్నీ సబబుగానే ఉండేవి. చెల్లెలు అలసిపోకూడదు, అంతే. అలసిపోయాక చూసుకోవాల్సింది తనే కదా. సెలా రాని రోజుల్లో ఇంట్లో ఇద్దరే ఉండేవాళ్ళు. సాయంత్రాలు టీవీ ముందు కొరాలీ పక్కన కూర్చుంటే, అమ్మ ఒడిలో చోటు దొరికినంత తృప్తిగా ఉండేది బ్రాన్‌కు.

ఫిబ్రవరిలో కొరాలీ, సెలా కలిసి పక్క ఊళ్ళోని వేడినీళ్ళ కొలనుకు వెళ్ళాలనుకున్నారు. పదిహేనేళ్ళ తర్వాత నీళ్ళలోకి దిగబోతోంది కొరాలీ. కొత్త ఈతబట్టలు కూడా వచ్చాయి. రెండు వారాలుగా ఇంట్లో అదే మాట. బ్రాన్‌ను రమ్మని ఎవరూ అనలేదు. వద్దనీ అనలేదు.

వెళ్ళాల్సిన రోజు ఉదయం వీల్‌చైర్ కదల్లేదు. ముందురోజు దాన్ని ఛార్జింగ్ పెట్టాల్సింది బ్రాన్. గేటు దగ్గర సెలా వ్యాన్ ఆగింది. బ్రాన్ చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురెళ్ళింది.

"ఒళ్ళు కాలిపోతోంది సెలా. ఈరోజు కుదరదు."

"అయ్యో, ఒక్కసారి పలకరించి పోనా?"

"వద్దు, పడుకుంది."

వ్యాన్ వెళ్ళిపోయింది. బ్రాన్ లోపలికొచ్చేసరికి ముందు గది కిటికీ రెక్క తెరిచే ఉంది. మంచం మీద కొరాలీ ఈతబట్టలు వేసుకుని కూర్చుని ఉంది. తెల్లవారకముందే లేచి, తనంతట తాను, సరిగ్గా ఆడే ఒక్క చేత్తో, ఎంతసేపటికి వేసుకుందో.

"నాకు జ్వరమా?" అంది.

"చైర్ పనిచేయట్లేదు కోరా. నిన్న మర్చిపోయాను. ఆవిడకి అదంతా చెప్పడమెందుకని..."

"మర్చిపోయావా?"

బ్రాన్ చూపు కదలని చైర్ వైపు పోయింది.

"పోయిన బుధవారం సెలా ఫోన్ నుంచి నెరిడాకి చేశాను," అంది కొరాలీ. ఒక్కొక్క మాటే తీసి ముందు పెడుతున్నట్టుగా. "ఒకటి అడగాలని. అక్కలకి కూడా ఈ చట్టం వర్తిస్తుందా అని."

"ఆ మాట పోలీసునడిగావా? నా మీదనా?"

"వర్తించదట. మొగుళ్ళకీ, ప్రియులకీ, మాజీలకీ మాత్రమేనట. అక్క చేస్తే, తల్లి చేస్తే, జీతం తీసుకుని చూసుకునేవాళ్ళు చేస్తే, ఈ నేరం కిందకి రాదు. ఇంకేవో ఉత్తర్వులున్నాయంది, వద్దన్నాను. నువ్వు అదృష్టవంతురాలివి బ్రాన్. నేనే కాస్త తక్కువ."

"నేను వాడిలాంటిదాన్నా? నీకోసం సగం పని మానుకున్నాను! నా ముందు గది నీకిచ్చాను!"

"వాడూ మానుకున్నాడు. గనిలో పని."

బ్రాన్‌కు ఎప్పటిలాగే బయటికి పోవాలనిపించింది. పోలేదు. మంచం అంచున కూలబడింది.

"నాకు కుళ్ళు కోరా," అంది చివరికి. "నీ మీద. చిన్నప్పట్నుంచీ. కప్పులకి కుళ్ళుకున్నాను, వార్విక్‌కి కుళ్ళుకున్నాను, వాడు పీడించాడని తెలిశాక ఆ పోలీసమ్మాయి నీ మాట రాసుకుంటుంటే దానికీ కుళ్ళుకున్నాను. ఇప్పుడు సెలా. తలుపేసుకుని మీరు నవ్వుతుంటే నాకు పిచ్చెక్కుతోంది."

"తెలుసు."

"తెలుసా?"

"నువ్వు చప్పట్లు కొట్టేటప్పుడు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది," అంది కొరాలీ. తర్వాత కిటికీ వైపు చూస్తూ, "నాకూ నీ మీద ఉంది," అంది.

"నా మీదా? నా దగ్గరేముంది, మట్టి?"

"కోపం రాగానే తలుపు ధడేలుమని వేసి వెళ్ళిపోతావు చూడు. అది. నాకు కోపమొస్తే, ఎవరి మీద వచ్చిందో వాళ్ళే నన్ను పక్క గదికి తీసుకెళ్ళాలి. పదిహేనేళ్ళుగా నీ తలుపు చప్పుడికి కుళ్ళుకుంటున్నా. కానీ నీ కాళ్ళు కట్టేయలేదుగా నేను."

బ్రాన్ ఏడ్చింది. కొరాలీ ఓదార్చలేదు. కాసేపయ్యాక, "నా ఫోన్ తెచ్చివ్వు," అంది. బ్రాన్ తెచ్చిచ్చింది. కొరాలీ సెలాకు ఫోన్ చేసి వెనక్కి రమ్మంది. ఆ తర్వాత పథకం వాళ్ళకు చేసి, తగ్గించిన రెండు రోజులూ మళ్ళీ వేయించుకుంది. అదంతా అక్క ఎదురుగానే చేసింది.

మూడు నెలల్లో కొరాలీ చర్చి వెనక వీధిలో కింది అంతస్తు ఇల్లు అద్దెకు తీసుకుంది. తలుపులు వెడల్పు, గడపలు లేవు. తాళంచెవులు సెలా దగ్గర ఒకటి, పక్కింటి ముసలావిడ దగ్గర ఒకటి. బ్రాన్‌కు ఇవ్వలేదు. "ఆదివారం పదకొండుకి రా. వచ్చేముందు ఫోన్ చెయ్యి. కేకు తే," అంది. పక్కింటావిడకు చెవి ఇచ్చి తనకివ్వకపోవడం బ్రాన్‌కు ముల్లులా దిగింది. అయినా ఆదివారాలు పదకొండుకే వెళ్ళింది. పదింబావుకే వచ్చి కారులో కూర్చున్న రోజులున్నాయి. పదకొండు అయ్యాకే గంట కొట్టేది.

ఆ చలికాలంలోనే వార్విక్ కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. జైలు పడలేదు. ఊరొదిలి ఉత్తరానికి వెళ్ళిపోయాడని చెప్పుకున్నారు. కొరాలీకి అది చాలలేదు. "వాడితో ఆగిపోయే సంగతి కాదిది," అనేది. వికలాంగులే నడుపుకునే సంఘమొకటి, ఆ చట్టాన్ని ఇంట్లోవాళ్ళకీ సంరక్షకులకీ కూడా వర్తింపజేయాలని సభ పెడుతోంది. అక్కడ మాట్లాడమని కొరాలీని పిలిచారు.

"నీ గురించి చెప్తాను," అంది ఒక ఆదివారం, కేకు కోస్తున్న బ్రాన్‌తో. "పేరు చెప్పను. అక్క అంటాను."

బ్రాన్ కత్తి ఆపింది. "చెప్పకపోతే?"

"చెప్పకపోతే అది వార్విక్ కథ అవుతుంది. ఆ కథకి చట్టం ఇప్పటికే ఉంది."

బ్రాన్ కేకు ముక్క చెల్లెలి ముందు పెట్టింది. "నేను రావచ్చా?" అంది.

"నీ ఇష్టం. నేను రమ్మనట్లేదు, వద్దనట్లేదు."

సభ బాథర్స్ట్ పట్నంలో. హాలు నిండా వీల్‌చైర్లు, తెల్లకర్రలు, సైగలతో మాటలు. బ్రాన్ ఆఖరి వరసలో గోడపక్కన కూర్చుంది. కొరాలీ వేదిక మీద పద్దెనిమిది నిమిషాలు మాట్లాడింది. మాట మెల్లగా వచ్చినా ఎవరూ అసహనంగా కదల్లేదు. వార్విక్ గురించి నాలుగు నిమిషాలే. మిగతా అంతా అక్క. పనిచేయని చైర్, వంటింట్లో ఫోన్, లేని జ్వరం. "అక్కకి నామీద ప్రేమ లేదని నేననను. ప్రేమ ఉంది కాబట్టే నాకు ఎవరికీ చెప్పుకోవడానికి మాట దొరకలేదు," అంది.

హాలంతా చప్పట్లతో మోగిపోయింది. చప్పట్లకు బదులు చేతులెత్తి గాలిలో ఆడిస్తున్నవాళ్ళు కొందరు. కొరాలీ ముఖం వెలిగిపోతోంది. ఇన్ని వందల మంది తన చెల్లెలినే చూస్తున్నారు, తనను ఎవరూ చూడట్లేదు. కడుపులో ఆ పాత మంట చప్పున లేచింది. తన తప్పుల కథకే చెల్లెలికి చప్పట్లు పడుతుంటే, దానికి కూడా తను ఓర్వలేకపోతోందని తెలిసి బ్రాన్‌కు సిగ్గేసింది. సిగ్గు వేసినా మంట పోలేదు. ఆ మంటతోనే కూర్చుని, అందరూ ఆపేదాకా చప్పట్లు కొట్టింది.

పక్క కుర్చీలో ఊతకర్రలతో ఒకావిడ ముక్కు చీదుకుంది. "ఎంత ధైర్యం! ఆ అక్కని తలుచుకుంటే మాత్రం ఒళ్ళు మండుతోంది. మీకు తెలుసా ఆవిడ?"

బ్రాన్ అటూ ఇటూ చూసింది. లేచి వెళ్ళిపోవడానికి దారి ఉంది, తలుపు దగ్గరే.

"నేనే ఆ అక్కని," అంది.

ఆవిడ బ్రాన్‌ను పైనుంచి కిందికి చూసింది. క్షమించానని అనలేదు, తిట్టనూ లేదు. "అయితే మీరూ మాట్లాడాలి," అంది. "మేం చెప్తే ఎవరూ నమ్మరు, మంచివాళ్ళు అలా చెయ్యరంటారు. చేసినవాళ్ళు వచ్చి చెప్తే నమ్ముతారేమో."

వేదిక దిగిన కొరాలీ చుట్టూ జనం మూగారు. ఆ గుంపు తరిగి తనకు దారి దొరకడానికి చాలాసేపు పట్టేట్టుంది. బ్రాన్ లేచి, ఆ మూగినవాళ్ళ వెనక ఆఖరున నిలబడింది.